పాటలో ఉన్న పట్టా
(గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి స్మృతిలో నెల్లిమర్లలో చేసిన ఉపన్యాసం)



కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపు ఏ బడిలోనైనా హాజరుపట్టీ తిరగేయండి. నిమ్మక, బిడ్డిక, ఆరిక, తోయక, కడ్రక, మండంగి, పువ్వల అంటూ కొన్ని ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఇవి జాతాపు తెగవాళ్ళవి. వాటి మధ్య సవర, సవర, సవర అని వరసగా ఇంకొన్ని పేర్లుంటాయి. ఆ పిల్లలంతా అన్నదమ్ముల బిడ్డలేం కారు, ఒక్క ఊరివాళ్ళు కూడా కానక్కర్లేదు. బడిలో వేసేనాడు మాస్టారు ఇంటిపేరు అడిగి ఉంటారు. చెప్పడానికి ఏమీ లేకపోయేసరికి తెగ గడిలో రాయాల్సిన మాట ఇంటిపేరు గడిలోకి కూడా ఎక్కి కూర్చుంది.

జాతాపుల సంగతి ఇందుకు తలకిందులు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు మాట్లాడేది తెలుగే. ఖోండుల శాఖగా ఉన్ననాటి భాష తాతముత్తాతల కాలంలోనే జారిపోయింది. ఇంటిపేరు మాత్రం చెక్కు చెదరలేదు. కడ్రక అన్న పేరు కురుపాం పక్కనా ఉంది, ఒడిశాలో నియమగిరి మీద డోంగ్రియా ఖోండుల్లోనూ ఉంది. ఇద్దరు కడ్రకలు ఎదురైతే మాట కలవకపోవచ్చు గానీ వియ్యం కలపకూడదని మాత్రం ఇద్దరికీ తెలుస్తుంది. అంటే భాష పోయి పేరు మిగిలింది. సవరలకు భాష మిగిలింది, పేరే లేదు. ఆ భాష ముండా కుటుంబానిది. సంతాలీకి, ముండారీకి చుట్టం. మన తెలుగుకూ దానికీ ఇరుగుపొరుగు తప్ప రక్తసంబంధం లేదు.

సవరల మీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. ఈ తెగలో గోత్రాలు లేవని, జంతువు పేరో చెట్టు పేరో పెట్టుకున్న వంశాలూ లేవని ఆయన అందులో ప్రత్యేకంగా చెప్పాడు. ఉన్నది బిరింద ఒక్కటే. నాలుగైదు తరాల కిందటి ఒక ముత్తాత సంతానం అంతా ఒక బిరింద. అందులోవాళ్ళు ఒకరినొకరు పెళ్ళాడకూడదు. దానికి పేరుండదు, జెండా ఉండదు, కాగితం అసలే ఉండదు. మరి నాలుగు తరాల లెక్క ఎవరు ఉంచుతారు? ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ వాలు ఎవరి పోడో ఎక్కడ రాసి ఉంటుంది? ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే. మనం జానపదం, కళారూపం, సంస్కృతి అని ముచ్చటగా పిలుస్తున్నది ఆ కొండల మీద రెవెన్యూ రికార్డు చేసే పని చేస్తోంది. ఆ పని నుంచి పాటను విడదీసి వేదిక ఎక్కించామంటే పాటను కాపాడినట్టు కాదు, రికార్డును ఎత్తుకుపోయినట్టు.

ఈ మాట రామ్మూర్తి పంతులు గారి పేరు మీద జరిగే సభలో అనడం సబబే. ఆయన గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి బడిలో మాస్టారుగా చేరారు. ఏటా ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం చేసి, వాడుక భాష గురించి గ్రాంథికంలో ఉపన్యాసాలు ఇచ్చి ఆయన్ని సన్మానిస్తున్నాం. సవరలు ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యం. ఆయన జీవితంలో మాత్రం దాదాపు నలభై ఏళ్ళు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. కొండలు తిరిగారు. అక్కడి మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద అచ్చువేసిన సంపుటాల్లో సవరల అధ్యాయానికి ఆధారం చాలావరకు పంతులు గారి రాతలే. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. నిన్ను కత్తితో పొట్టలో పొడుస్తాడు అన్న మాట మొత్తాన్ని సవరలు ఒక్క క్రియలో ఇమిడ్చేస్తారని ఆ వ్యాకరణంలో చూపించారు. ఆ ఒక్క ఉదాహరణ ఈనాటికీ ప్రపంచ భాషాశాస్త్ర గ్రంథాల్లో తిరుగుతోంది. ఉదాహరణగా పొడుపే ఎందుకు దొరికిందో మరి, పంతులు గారికి బోధించిన సవరను అడగాలి.

నా అభిప్రాయం ఒకటుంది. వ్యావహారిక వాదం ఆయనకు పుస్తకాల వల్ల కలగలేదు. ఒక్క అక్షరం లేని జనం నోట పొల్లు పోని వ్యాకరణాన్ని ముందు విన్న మనిషి, మాట్లాడే తెలుగుకు వ్యాకరణం లేదని పండితులు అంటే ఎలా ఒప్పుకుంటాడు? కొండ మీద విన్నదాన్నే కింద వాదించారనుకుంటాను. కొడుకు గిడుగు సీతాపతి గారు కూడా అదే దారిన సవర పాటలు సేకరించారు. తండ్రీకొడుకులిద్దరూ పాటను భాషకు నమూనాగా విన్నారు. అది ఆ కాలపు పద్ధతి. పాట చేసే పనేమిటన్నది చాలా ఏళ్ళ తరవాత ఇంకొకరు తేల్చాల్సి వచ్చింది.

ఆ ఇంకొకరు పియర్స్ వితెబ్‌స్కీ అనే కేంబ్రిడ్జి పండితుడు. 1975 నుంచి ఒడిశా కొండల్లో సవరల మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చి, 1993లో చచ్చినవాళ్ళతో సంభాషణల గురించి ఒక పుస్తకం తెచ్చాడు. పేరు వినగానే మనకు చేతబడి గుర్తొస్తుంది. కాసేపు ఆగి ఆ తంతు చూడండి.

ఎవరో పోయారు. దహనం అయింది. కుడన్ బోయి, అంటే పూనకం వచ్చే ఆడమనిషి, కాళ్ళు ముందుకు చాపుకుని నేల మీద కూర్చుంటుంది. సన్నగా రాగం తీస్తూ పాతాళంలో ఉన్న తన చుట్టాలను పిలుస్తుంది. అక్కడ ఆమెకో భర్త కూడా ఉంటాడు. ఆ భర్త సవర కాడు, రాజు లాంటి, దొర లాంటి పైకులపు మనిషి. పాట ఆగుతుంది. ఆమె ప్రాణం కిందికి దిగిపోయిందని గుర్తుగా కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోతాయి. పక్కనున్నవాళ్ళు మోకాళ్ళు పట్టి బలవంతాన వంచి సడలిస్తారు. అప్పటినుంచి ఆమె నోటితో చచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడతారు. వచ్చినవాళ్ళు కల్లు అడుగుతారు. బిరిందవాళ్ళు, వియ్యాలవాళ్ళు చుట్టూ చేరి పోస్తారు. ఇక మొదలవుతుంది అసలు సంగతి. నన్ను ఎందుకు ఆలస్యంగా వైద్యానికి తీసుకెళ్ళారు? నా చెట్టు మీద కాయ ఎవరు కోశారు? నీ చెల్లెలికి ఇస్తానన్న గొడ్డు ఇచ్చావా? బతికున్నవాళ్ళు ఏడుస్తారు, బతిమాలతారు, కోపం వస్తే తిడతారు, అబద్ధమని కొట్టిపారేస్తారు. చుట్టూ నవ్వులు కూడా వినిపిస్తాయి. ఒకరు దుఃఖంలో మునిగి ఉంటే అరచేయంత దూరంలో ఇంకొకరు పొగాకు నలుపుకుంటూ వేరే కబురు చెప్పుకుంటూ ఉంటారు.

ఇది ఒక్క రోజుతో అయ్యేది కాదు. తరవాత రాయి పాతే తంతు గువార్. దున్నను కోస్తారు. ఒక్కొక్క బిరిందకు ఒక చోటుంటుంది. పాతవాళ్ళ రాళ్ళ గుంపు పక్కనే కొత్త రాయి నిలబెడతారు. ఆ పైన వరస ఏళ్ళలో కర్జ అనే ఇంకో తంతు జరుగుతుంది. ప్రతిసారీ చచ్చినవాడు మళ్ళీ వచ్చి మాట్లాడతాడు. ప్రతిసారీ కాస్త మెత్తబడతాడు. మొదట్లో ఏ జబ్బుతో పోయాడో ఆ జబ్బునే ఇంటివాళ్ళకు అంటించే ఆత్మ, అంటే సోనుం, అతడు. చివరికి ఇంటి పితరుడవుతాడు. ఆ తరవాత అతడి పేరు ఇంట్లో పుట్టిన పసిబిడ్డకు వస్తుంది. ఇంటిపేరు లేని జనంలో పేరు తిరిగే దారి ఇది.

ఇప్పుడు గమనించండి. ఆ చుట్టూ కూర్చున్నవాళ్ళలో జవాబు చెప్పే హక్కు ఎవరికి ఉంది? రాయి మోసే భారం ఎవరిది? దున్న తేవాల్సింది ఎవరు? బియ్యం తెచ్చేది ఎవరు? ఇవన్నీ చుట్టరికం ప్రకారం తేలతాయి. చచ్చినవాడు ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలుస్తాడు గనక ఆ రోజు కూర్చున్న పదేళ్ళ పిల్ల సైతం తన బిరింద పొడవెంత, వెడల్పెంత, మేనమామలు ఏ ఊరివాళ్ళు అన్నది చెవులారా వింటుంది. ఫలానా వాలు మీద పోడు నాది, నువ్వు దున్నుకుంటున్నావేం అని చచ్చినవాడు నిలదీస్తే, ఆస్తి తగాదా ఊరందరి ఎదుట విచారణకు వచ్చినట్టే. తీర్పు రాయరు. రాయనక్కర్లేదు. విన్నవాళ్ళు నలభై మంది ఉంటారు.

ఆ పాటల కట్టు గురించి కూడా ఒక మాట. సవర పాటలో, ముఖ్యంగా ఇలాంటి తంతుల పాటలో, ఏ మాటనూ ఒక్కసారి అని వదలరు. ఒక పంక్తి అన్నాక వెంటనే రెండో పంక్తి అదే నడకలో, అదే అర్థంతో, పేర్లు మాత్రం మార్చి అంటారు. మొదటి పంక్తిలో దారి అంటే రెండో పంక్తిలో దారికే ఇంకో పేరు. ముందు అన్న అంటే తరవాత బావ. ముందు చోళ్ళు, తరవాత సామలు. పాడే మనిషికి ప్రతి వస్తువుకూ జోడు మాట తెలిసి ఉండాలి, వినేవాళ్ళకు అది ముందే తట్టాలి. ఈ జోడు వల్లనే వందల పంక్తులు కాగితం లేకుండా నిలుస్తాయి. ఒకటి మరిచిపోతే రెండోది అందిస్తుంది. రోజువారీ మాటలకు ఒక్క పదం చాలు. సంతలో బేరానికి జోడు మాట అక్కర్లేదు, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో అసలే అక్కర్లేదు. కాబట్టి భాష బతికే ఉందని జనాభా లెక్కలు చెబుతున్న రోజుల్లోనే ఈ రెండో మాటలు ఒక్కొక్కటే రాలిపోతాయి. పిల్లలకు సవర వచ్చు, ముసలమ్మ పాడేది అర్థం కాదు. ఒక భాష చచ్చిపోవడం గురించి మాట్లాడేవాళ్ళు దాన్ని మాట్లాడే చివరి మనిషి కోసం ఎదురు చూస్తుంటారు. అంత దూరం పోనక్కర్లేదు.

గోడ బొమ్మల కథ కూడా ఇలాంటిదే. ఇడితాల్ అంటారు ఒడిశా వైపు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, కొస నలగ్గొట్టిన పుల్లతో గీస్తారు. చుట్టూ చదరపు గీత, అదే ఇల్లు. లోపల ముక్కోణపు ఒళ్ళున్న మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు, దువ్వెన. ఎల్విన్ చూసిన గోడల్లో సైకిళ్ళూ విమానాలూ ఆఫీసర్లూ కూడా ఉన్నారు. జబ్బు పడ్డప్పుడు ఏ సోనుం ఇల్లు అడుగుతోందో కుడన్ బోయి చెబితే దానికి నచ్చిన సామాను గీసి, ఇదిగో నీ ఇల్లు, వచ్చి కూర్చో అంటారు. అందం కోసం ఎవరూ గీయలేదు, అందంగా ఉండడం వేరే సంగతి. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రకళకు ఒడిశా తరఫున భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు అవి చీరల మీదా గుడ్డ సంచుల మీదా అమ్ముతున్నారు. గీసినవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు పడుతున్నాయి, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. చీర మీద బొమ్మకు ఎవరి ఇల్లన్న ప్రశ్న ఉండదు, అంతే తేడా.

1936 దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం, సవర కొండల్లో ఎక్కువ భాగం అటు పోయాయి. పంతులు గారు పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. తెలుగువాళ్ళ చరిత్రలో దీన్ని పర్లాకిమిడి నష్టం అని రాస్తారు. సవరల చరిత్ర రాస్తే ఏమని రాయాలి? ఇక్కడి బిరింద రాళ్ళు ఒక రాష్ట్రంలోనూ మేనమామలు ఇంకో రాష్ట్రంలోనూ పడ్డారు. సరిగ్గా అదే ఏడాది జూన్ 18న మంగై గొమాంగో అనే సవర సొరాంగ్ సొంపెంగ్ అన్న లిపిని కొండ మీద దర్శనంలో అందుకున్నానని ప్రకటించాడు. ఇరవై నాలుగు అక్షరాలు. ఒక్కో అక్షరం ఒక్కో సోనుం. అక్షరం లేని జనం అక్షరం చేతికి రాగానే దాన్నే గుడి కట్టి కొలిచారు. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇటు మన వైపు సవరను తెలుగు అక్షరాల్లో రాస్తారు, ఆ దారి వేసినవారు పంతులు గారే. మిషనరీల వెంట రోమన్ వచ్చింది. ఒక్క భాష, మూడు లిపులు, సరిహద్దుకు అటూ ఇటూ. అటు పేర్ల చివర గొమాంగో. అది ఊరి పెద్దరికం నుంచి వచ్చిన పేరు. 1999లో ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూనే లోక్‌సభకు వచ్చి ఓటేసిన గిరిధర్ గమాంగ్ ఆ జనంలోవాడే. వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు గనక ఆయన పేరు మనవాళ్ళందరికీ తెలుసు, సవర అని మాత్రం చాలామందికి తెలియదు. ఇటు పేరు ముందు సవర. మన షెడ్యూల్డ్ తెగల జాబితాలో సవరలు, కాపు సవరలు, మాలియ సవరలు, ఖుత్తో సవరలు అని నాలుగు మాటలు ఒక్క పద్దు కింద ఉంటాయి. ధ్రువపత్రం ఆ పద్దు చూసి వస్తుంది.

మైదానంవాళ్ళం వాళ్ళకు పేరు పెట్టడం ఈనాటిది కాదు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడు శపించిన కొడుకుల సంతతి అంటూ ఒక జాబితా ఉంది. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు. మనమూ వాళ్ళూ ఒకే పంక్తిలో ఉన్నాం, ఒకే తిట్టు కింద. తరవాత మనం పంక్తి మారాం. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న రామతీర్థం వెళ్ళి సవరలెవరని అడిగితే శబరి వంశమండీ అంటారు. పూరీ వెళ్తే జగన్నాథుణ్ణి మొదట కొలిచిన విశ్వావసు జనమంటారు. రెండూ గౌరవంగా చెప్పే కథలే. రెండింటిలోనూ సవర పళ్ళు పెట్టేవాడో దేవుణ్ణి అప్పగించేవాడో అవుతాడు, కథ ముందుకు పోతుంది, అతడు అక్కడే ఉండిపోతాడు. తమ పాతాళంలో కుడన్ బోయి రాజుగారినే మొగుడిగా పెట్టుకున్న సంగతి ఇందాక చెప్పాను. వాళ్ళు మన గురించి చెప్పుకున్న కథ అది. దాన్ని మనం ఎప్పుడూ అడగలేదు.

ఇక వేదికల సంగతి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మన జిల్లా కేంద్రాల్లో జరిగే సభల్లో కూర్చున్నవాడిని గనక చెబుతున్నాను. ఒకే రంగు చీరలు, వెదురు టోపీలు, నెమలి ఈకలు. మైకు పట్టుకున్నాయన ఎవరొచ్చినా థింసా అంటాడు. థింసా అరకు లోయ ఆట. సవరలది వేరు, జాతాపులది వేరు. ఒక సభలో సవర ముసలావిడ జోడు పంక్తుల్లో ఒకటి అని రెండోది ఎత్తుకునేలోగా సమయం అయిపోయిందని మైకు తీసుకున్నారు. ఆవిడ ఆపలేదు. మైకు లేకుండానే రెండో పంక్తి పూర్తి చేసి దిగింది. ముందు వరసలో ఉన్న అధికారులు అది మొండితనం అనుకుని నవ్వారు. పాట సగంలో ఆపితే ఎవరికి ఏమవుతుందో ఆవిడకు తెలుసు, మనకు తెలియదు.

పాటను పనిలోంచి తీసి ఇంకో పనికి పెట్టడం తప్పని నేననడం లేదు. 1967 నుంచి 1970 దాకా ఈ కొండల్లో జరిగిన శ్రీకాకుళం గిరిజన తిరుగుబాటు చూడండి. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. అంతకు ముందే గిరిజన సంఘం కట్టి సవరలను, జాతాపులను ఒక్క పేరు కిందికి తెచ్చారు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. జముకు మైదానపు వాయిద్యం, కథ తెలుగు, చెప్పినవాడి ఇంటి భాష ఒడియా. సవరకూ జాతాపుకూ మధ్య ఉమ్మడిగా అర్థమయ్యే భాష తెలుగే గనక అది కొండెక్కింది. కొండ పాటల వరసలు కిందికి దిగి పార్వతీపురం పక్క పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు లాంటివాళ్ళ గొంతులో రాష్ట్రమంతా తిరిగాయి. ఇదీ గుర్తింపే. తుపాకుల కింద అణగిపోయినా షావుకారు, సారా అమ్మే సొండి ముందు నేను ఫలానా అని తలెత్తి చెప్పుకునే మాట ఒకటి మిగిల్చింది. కానీ అది గిరిజనుడన్న గుర్తింపు. బిరింద లెక్క దానికి అక్కర్లేదు.

క్రైస్తవం వచ్చాక ఇంకో మలుపు తిరిగింది. కెనడా బాప్టిస్టుల ప్రచారం ఒడిశా సవర కొండల్లో పాతది. యువతరం చాలామంది అటు మళ్ళి, చచ్చినవాళ్ళతో మాట్లాడడం మానేశారని వితెబ్‌స్కీయే 2017లో ఇంకో పుస్తకంలో రాశాడు. ఊరందరి ఎదుట చచ్చిన తండ్రితో తగువాడి తేల్చుకునే అవకాశం పోయింది. చదువు, ఆసుపత్రి, తాగుడు లేని ఇల్లు వచ్చాయి. బయటినుంచి వెళ్ళిన మనం అయ్యో పాత ఆచారం పోయిందే అని వగచడం తేలిక. దున్నకూ కల్లుకూ చేసిన అప్పు మనం తీర్చలేదు కదా. పాట మానేయడానికి వాళ్ళకున్న హక్కు, పాడడానికి ఉన్నంత హక్కే.

అయితే ఒక చిక్కుంది. రాళ్ళు పాతిన చోటు ఎవరిదో చెప్పే నోరు ఆగిపోయిన ఈ కాలంలోనే సర్కారుకు ఆ నోటితో అవసరం పడింది. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నియమాలు చేశారు. పదమూడో నియమం చదవండి. పోడు భూమి మీద హక్కు అడిగేవాడు చూపగల సాక్ష్యాల్లో ప్రభుత్వ కాగితాలతో పాటు వంశావళి కూడా ఉంది, శ్మశానాలూ పవిత్ర స్థలాలూ ఉన్నాయి, దరఖాస్తు పెట్టని పెద్దలు చెప్పిన మాటను రాసుకున్న వాంగ్మూలం ఉంది. వీటిలో ఒకటికి మించి చూసి తేల్చాలని కూడా అదే నియమం. బిరింద, గువార్ రాళ్ళు, ముసలివాళ్ళ నోటి లెక్క. సవర పాట ఇన్ని తరాలుగా మోస్తున్న మూడూ చట్టంలో సాక్ష్యాలయ్యాయి. నియమగిరి బాక్సైట్ గని కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ కొండ దేవుడి మీద హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభల్లో డోంగ్రియాలు, వాళ్ళ పక్కవాళ్ళు లేచి నియమరాజు గురించి తమ మాటల్లో చెప్పారు. పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని వద్దన్నాయి. అక్కడ పాట, కథ సాక్షి బోనెక్కి నిలబడ్డాయి.

మన వైపు ఆ సాక్ష్యం ఎలా నమోదవుతోంది? ముసలమ్మ సవరలో చెబుతుంది. కొడుకో, ఊరి కుర్రాడో సగం తెలుగులో అందిస్తాడు. ఫారం నింపే ఉద్యోగి తనకు అర్థమైన తెలుగులో రెండు వాక్యాలు రాస్తాడు. మా మామ రాయి ఆ చింత దగ్గర, మా చిన్నమామ రాయి దానికి ఎగువన, ఆ ఎగువ వాలంతా మాదని పాడుకున్నాం అని ఆవిడ చెప్పినది కాగితం మీద, తరతరాలుగా సాగు చేయుచున్నాము, అని తేలుతుంది. అన్ని ఫారాల్లోనూ అదే వాక్యం ఉంటుంది. అన్నింట్లో ఒకే వాక్యం ఉంది గనక నమ్మశక్యంగా లేదని తిరగ్గొడతారు.

దీనికి మందు దూరంలో లేదు. 2000ల మధ్యలో ఉమ్మడి రాష్ట్రం సవర, కొండ, కువి, కోయ, గోండి వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు మాతృభాషా బోధన మొదలుపెట్టింది. అప్పటినుంచీ ఉన్నాయో లేవో అన్నట్టు నడుస్తున్న ఆ పథకం కోసం సవర, తెలుగు రెండూ రాయడం వచ్చిన కుర్రకారు తయారయ్యారు. తాత్కాలిక కొలువులు, ఏటా రెన్యువల్ కోసం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గుమ్మం ముందు పడిగాపులు. ఆ కుర్రాళ్ళను గ్రామసభ రోజున ఉద్యోగి పక్కన కూర్చోబెట్టండి. పెద్దలు చెప్పింది ముందు సవరలో, తెలుగు అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాయాలి, కిందనే తెలుగు రాయాలి. జోడు పంక్తి వస్తే జోడునీ రాయాలి, అందులో రెండో చోటు పేరు ఉండొచ్చు. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో లేస్తున్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వాళ్ళు రేపు రికార్డర్లు పట్టుకుని వస్తారు, రావాలి కూడా. ఎవరు పాడారు, ఏ బిరింద, ఎవరు జవాబు చెప్పారు, ఏ వాలు మీద అన్నది లేకుండా పాట ఒక్కటే తీసుకుపోతే గ్రామసభకు అది పనికిరాదు. తీసిన ప్రతిదానికీ ఒక నకలు ఆ ఊళ్ళో ఉండాలి. వద్దన్న ఇంట్లో తీయకూడదు.

పార్వతీపురం మన్యం జిల్లాలో ఇలా ఒక్క పంచాయతీలో చేసి చూడమని అడగడానికి ఈ సభలో ఉన్న ఉపాధ్యాయ సంఘాలవాళ్ళు, వకీళ్ళు కలిసి వస్తారనే నెల్లిమర్ల దాకా వచ్చాను. అర్జీ ముసాయిదా నా దగ్గర ఉంది. సభ అయ్యాక చదివి, మార్చాల్సినవి మార్చి, సంతకాలు పెట్టండి.